చెరువులో గంబూసియా, కూలర్‌లో దోమ

వానలు మొదలై, జ్వరాల వార్తలు జిల్లా పేజీలకెక్కగానే ఫోన్లలో ఒక సందేశం తిరగడం ఏటా చూస్తున్నదే. దాని సారాంశం ఇది: గంబూసియా అనే చిన్న చేప రోజుకు వంద నుంచి మూడు వందల దోమ లార్వాలను తింటుంది, లార్వాలు తప్ప మరొకటి ముట్టదు కాబట్టి చెరువుకు గానీ తక్కిన చేపలకు గానీ హాని లేదు, మందు చల్లే పని లేకుండా నీరు శుభ్రపడుతుంది, ఇటలీ మలేరియాను ఈ చేపతోనే తరిమికొట్టింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్నే వాడమంటోంది, అందుచేత ప్రతి ఊరి చెరువులో, కుంటలో, బావిలో వీటిని వదిలితే డెంగీ, మలేరియా మాయమవుతాయి. ఇది ఏదో గాలికబురు అని కొట్టిపారేయడానికి లేదు. 2023లో ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ దాదాపు కోటి గంబూసియా చేపలను నీటి వనరుల్లో వదిలింది. హైదరాబాద్‌లోనూ పురపాలక సిబ్బంది డ్రమ్ముల్లో తెచ్చి చెరువుల్లో వంపడం చాలామంది చూసిందే. ప్రభుత్వమే చేస్తున్న పనిని జనం నమ్మడంలో వింత లేదు. అయినా ఆ సందేశంలోని ఒక్కొక్క మాటనూ పరిశోధనల పక్కన పెట్టి చూస్తే నిలిచేది చాలా తక్కువ.

మొదటిది, రోజుకు వంద నుంచి మూడు వందల లార్వాలు అన్న అంకె. ఇది కల్పన కాదు. దేశంలో దోమకాటు జ్వరాల నియంత్రణను నడిపే కేంద్ర విభాగం పత్రాల్లోనే ఉంది. అయితే అది బాగా ఎదిగిన ఒక చేప ఎంత తినగలదో చెప్పే అంకె, చెరువులో ఎంత తింటుందో చెప్పే అంకె కాదు. తొట్టెలో లార్వాలు మాత్రమే వేసి లెక్కపెడితే చేప లార్వాలే తింటుంది. చెరువులో దాని ముందు జంతు ప్లవకాలు (నీటిలో తేలాడే అతి చిన్న జీవులు), నాచు, నీటి పురుగులు, నీటిపై పడిన చీమలు, ఇతర చేపల గుడ్లు, చివరికి తన పిల్లలు కూడా ఉంటాయి. ఎదుట ఏది ఎక్కువగా, తేలికగా దొరికితే దాన్ని తినే చేప ఇది. కోటి చేపలను వందతో గుణించి రోజుకు వంద కోట్ల లార్వాలు పోతాయని లెక్క వేసుకోవడం, ఊళ్లో ఉన్న ప్రతి మనిషీ పెళ్లి భోజనం తిన్నంత ప్రతి పూటా తింటాడని బియ్యం లెక్క కట్టడం లాంటిది.

ఆ గుణకారంలో మరో లోపం ఉంది. కిక్కిరిసిన నీటిలో దోమ లార్వాలు చాలావరకు తిండి చాలక వాటంతట అవే చస్తాయి. చేప తిన్న వాటిలో ఎలాగూ చచ్చేవి కొన్ని ఉంటాయి. కొన్నిటిని చేప తీసేస్తే మిగిలినవాటికి తిండి పెరిగి అవి బతికి బట్టకట్టే అవకాశమూ పెరుగుతుంది. అందువల్ల లార్వాలు సగం తగ్గాయంటే రెక్కల దోమలు సగం తగ్గినట్టు కాదు, జ్వరాలు సగం తగ్గినట్టు అసలే కాదు. ఈ మూడు లెక్కలూ వేరు. మలేరియా విషయంలో దోమ లార్వాలను తినే చేపలపై జరిగిన అధ్యయనాలన్నిటినీ, వైద్య పరిశోధనలను సమీక్షించే కొక్రేన్ సంస్థ నిపుణులు 2013లో ఒకసారి, 2017లో మరోసారి పరిశీలించారు. కొన్ని చోట్ల లార్వాలు తగ్గిన మాట నిజమేనని, కానీ చేపలు వదలడం వల్ల మనుషుల్లో మలేరియా తగ్గిందని గానీ రెక్కల దోమల సంఖ్య తగ్గిందని గానీ చెప్పేందుకు నమ్మదగిన ఆధారం లేదని తేల్చారు.

ఇక అసలు విషయం, డెంగీ. సందేశాల్లో ఈ మాట ఎక్కువగా వినిపించేది డెంగీ పేరుతోనే కాబట్టి ఇక్కడ కాస్త నిలవాలి. డెంగీని మోసుకొచ్చే ఈడిస్ ఈజిప్టై దోమ చెరువులో గుడ్లు పెట్టే దోమ కాదు. అది మనింటి దోమ. ఎయిర్ కూలర్ అడుగున మిగిలిన నీరు, మూత సరిగా పడని డ్రమ్ము, మేడ మీద వదిలేసిన టైరు, పూలకుండీ కింది పళ్లెం, తాగి పారేసిన కొబ్బరిబోండం, ఫ్రిజ్ వెనక నీరు చేరే ట్రే వంటివి దాని పుట్టిళ్లు. పైగా గుడ్లను నీటిలో కాకుండా నీటి మట్టానికి కాస్త పైన, తడిగా ఉన్న గోడకు అంటించి పెడుతుంది; నీరు ఎండిపోయినా అవి నెలల తరబడి ఎండుగానే ఉండి, మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. అందుకే శుక్రవారం డ్రై డే అంటూ పాత్రలను వారానికోసారి ఖాళీ చేయడమే కాక గోడలను తోమి ఆరబెట్టమంటారు. గుడ్డు నుంచి రెక్కల దోమ అయ్యేందుకు మన వాతావరణంలో వారం, పది రోజులు చాలు. ఆ వారం రోజుల కథ అంతా చెరువుకు కిలోమీటరు దూరంలో, రెండో అంతస్తు బాల్కనీలో జరిగిపోతుంది. చెరువులో వదిలిన చేప అక్కడికి ఎలా వస్తుందన్న ప్రశ్నకు ఆ సందేశంలో జవాబు లేదు.

దోమ అనే ఒక్క మాట కింద మనం వేర్వేరు జీవులను కలిపేయడం వల్లే ఈ పొరపాటు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ మలేరియా పరాన్నజీవిని దోమ కడుపు గోడలో గుర్తించడానికి ముందు చాలా కాలం వేరే రకాల దోమలను కోసి చూసి విసిగిపోయాడు. రెక్కల మీద మచ్చలున్న రకం, అంటే అనాఫిలిస్, చేతికి చిక్కాక గానీ ఆయన పని ఫలించలేదు. ఆ తేడా నేటికీ అంతే ముఖ్యం. మన పట్టణాల్లో రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వనిది ఎక్కువగా క్యూలెక్స్. అది మురుగు కాలువల్లో పెరుగుతుంది. ప్లాస్టిక్ సంచులు, థర్మాకోల్ ముక్కలు, కుళ్లిన చెత్త పేరుకున్న ఆ నీటిలో ఎంత మొండి చేపైనా నిలదొక్కుకోవడం కష్టం, నిలదొక్కుకున్నా చెత్త చాటున దాగిన లార్వాను పట్టుకోవడం ఇంకా కష్టం. గుర్రపుడెక్క కమ్మిన చెరువుల్లో పెరిగే మాన్సోనియా దోమ సంగతి మరీ విచిత్రం. దాని లార్వా మిగతా దోమల లార్వాల్లా గాలి కోసం నీటిపైకి రాదు. నీటి మొక్కల వేళ్లలోకి తన శ్వాసనాళాన్ని గుచ్చి అక్కడి నుంచే గాలి పీల్చుకుంటుంది. గంబూసియా నోరు పైకి తిరిగి ఉంటుంది, అది నీటి పైపొరలో తిరుగుతూ ఏరుకు తినే చేప. వేళ్ల గుబురులో కూర్చున్న మాన్సోనియా దానికి అందేది అరుదు. అలాంటి చెరువులో ముందు చేయవలసింది గుర్రపుడెక్కను తీయించడం.

ఆడ దోమకు కూడా తన జాగ్రత్త తనకుంది. గంబూసియా ఉన్న నీటిలో ఆ చేప వాసన కలుస్తుంది. 2002లో అమెరికాలో జరిగిన ప్రయోగంలో, చేప లేకపోయినా చేప ఉంచిన నీటిని పోసిన తొట్లను క్యూలెక్స్ దోమలు గుడ్లు పెట్టేందుకు ఎంచుకోవడం బాగా తగ్గింది. గుడ్లు మానేసినట్టు కాదు, చేప వాసన లేని మరో చోటికి మళ్లినట్టు. చేప వదిలిన చెరువులో లార్వాలు తగ్గాయని గరిటెతో ముంచి చూపించే లెక్కలో ఇలా పక్క కాలువకు పోయినవి ఎన్నో కనిపించదు.

"లార్వాలు తప్ప మరొకటి ముట్టదు" అన్నది సందేశంలోని మరో మాట, అన్నిటికన్నా పచ్చి అబద్ధమూ ఇదే. 1972లో స్టువర్ట్ హర్ల్‌బర్ట్, ఆయన సహచరులు కాలిఫోర్నియాలో కృత్రిమ కొలనులు కట్టి, కొన్నిటిలో గంబూసియాను వదిలి, కొన్నిటిని చేపలు లేకుండా ఉంచి పోల్చారు. చేపలున్న కొలనుల్లో రోటిఫర్లనే సూక్ష్మజీవులు, డాఫ్నియా వంటి చిన్న రొయ్య జాతి జీవులు, నీటి పురుగులు దారుణంగా తగ్గిపోయాయి. తమను తినే జంతు ప్లవకాలు పోవడంతో వృక్ష ప్లవకాలు, అంటే నీటిలో తేలే సూక్ష్మమైన నాచు, అడ్డూ ఆపూ లేకుండా పెరిగి నీరు చిక్కటి ఆకుపచ్చగా మారింది. సైన్స్ పత్రికలో అచ్చయిన ఈ ప్రయోగం ఒక్కటే సందేశంలోని రెండు మాటలకు జవాబు చెబుతుంది: చేప లార్వాలతో ఆగదు, నీరూ శుభ్రపడదు. గంబూసియా వదిలిన కుంట పచ్చబడితే దాన్ని ఎరువుల మీదికో ఎండల మీదికో నెట్టే ముందు ఈ కొలనులను ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది.

ఆ పోయిన పురుగుల జాబితాలో దోమల సహజ శత్రువులు కూడా ఉన్నాయి. తూనీగ పిల్ల నీటిలో పెరుగుతుంది, దాని ఆహారంలో దోమ లార్వా ముఖ్యమైనది. వెల్లకిలా ఈదే నీటి నల్లులు, నీటి పెంకుపురుగులు కూడా అంతే. ఈ కాపలాదారులన్నిటినీ మింగి, ఆ స్థానంలో తానొక్కటే కూర్చునే చేప, ఏదో కారణంతో చలికో కలుషితానికో తగ్గిపోతే ఆ నీటిలో దోమకు ఎదురే ఉండదు.

ప్లవకాల విషయంలో మరో ముచ్చట చెప్పాలి, ఎందుకంటే దోమలపై గెలిచిన జీవుల కథల్లో బాగా నమోదైనది చేపది కాదు, కంటికి చుక్కలా కనిపించే ఒక జంతు ప్లవకానిది. దాని పేరు మీసోసైక్లాప్స్, కోపిపాడ్ల జాతికి చెందినది. అప్పుడే పొదిగిన చిట్టి లార్వాలను ఇది పట్టి చంపుతుంది. వియత్నాంలో వూ సిన్ నామ్, ఆస్ట్రేలియాకు చెందిన బ్రయన్ కే కలిసి ఊరి ప్రజల చేతే ఈ జీవులను ఇళ్లలోని పెద్ద నీటి తొట్లలో, బావుల్లో వేయించారు. దానికి తోడు పనికిరాని చిన్న పాత్రలను ఏరి పారేయించారు. 2005లో లాన్సెట్ వైద్య పత్రికలో వారు ఇచ్చిన లెక్క ప్రకారం 37 కమ్యూన్లలో (అక్కడి స్థానిక పాలనా విభాగాల్లో) 32 చోట్ల ఈడిస్ ఈజిప్టై పూర్తిగా మాయమైంది. ఇక్కడ గమనించవలసింది రెండు. ఒకటి, వాళ్లు పని చేసింది డెంగీ దోమ నిజంగా పుట్టే పాత్రల్లో. రెండు, అక్కడ దోమను చంపిన జీవి గంబూసియాకు ఇష్టమైన ఆహారాల్లో ఒకటి.

"తక్కిన చేపలకు హాని లేదు" అనడానికి కూడా ఆధారం లేదు. గంబూసియా తనకన్నా పెద్ద చేపల తోకలను, రెక్కలను కొరుకుతుంది; పుండ్లు పడ్డ చేప రోగాలకు లొంగిపోతుంది. గుడ్లను, అప్పుడే పుట్టిన పిల్లలను తింటుంది. తోకకప్పలను కూడా కొరికి చంపుతుంది, ఆ కప్పలు పెరిగి దోమలతో సహా ఎన్నో పురుగులను తినేవి. ఆస్ట్రేలియాకు ఈ చేపను 1925లో తెచ్చారు. అక్కడ క్వీన్స్‌లాండ్‌లోని ఎడ్జ్‌బాస్టన్ ఊటల్లో మాత్రమే బతికే ఎర్రరెక్కల నీలికన్ను చేప, 1990లో తొలిసారి కనుగొన్నది, గంబూసియా చొరబడిన ఊటల నుంచి ఒక్కొక్కటిగా కనుమరుగవుతూ వచ్చింది. ఈ చేపను అదుపు చేయడం ఎంత కష్టమైందంటే, జొవాన్ని పొల్వెరినో అనే పరిశోధకుడి బృందం దాన్ని పట్టే ప్రయత్నం మాని భయపెట్టే ప్రయోగం చేసింది. గంబూసియాను సొంత గడ్డపై వేటాడే లార్జ్‌మౌత్ బాస్ చేప ఆకారంలో ఒక రోబోను తయారు చేసి తొట్లలో తిప్పారు. అది తోకకప్పల దగ్గరికి చేరిన గంబూసియా మీదికి దూసుకెళ్లేది. కొన్ని వారాలకు ఆ చేపలు చిక్కిపోయాయి, మగవాటి వీర్యకణాలు తగ్గాయి, తోకకప్పలు గాయాలు తప్పించుకున్నాయి. 2021 చివర్లో వెలువడిన ఈ పరిశోధన ప్రయోగశాల దాటి చెరువుకు రావడానికి చాలా దూరం ఉంది. అయినా ఒక దేశం రోబోతో బెదిరించి వదిలించుకోవాలని చూస్తున్న చేపను మరో దేశం డ్రమ్ములతో వంపుతోందన్న సంగతి మాత్రం ఆలోచించదగినదే.

మన చెరువులకు వస్తే ఈ హాని లెక్క మరింత నేరుగా కనిపిస్తుంది. తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేప పిల్లలను చెరువుల్లో వదులుతోంది. అందులో బొచ్చె నీటి పైపొరల్లో తిరుగుతూ ప్రధానంగా జంతు ప్లవకాలను తినే చేప. గంబూసియా తినేది అదే పొరలో, అదే మేత. ఒక శాఖ బొచ్చె పిల్లల్ని వదిలిన చెరువులోనే మరో శాఖ బొచ్చె మేతను తినే చేపను వదిలితే నష్టం ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాల వలలోనే తేలుతుంది. కోస్తా జిల్లాల చేపల రైతులకు ఈ సంగతి కొత్త కాదు. పిల్లల్ని వదలబోయే ముందు ఇప్పచెక్క వేసి చెరువులోని కలుపు చేపలను చంపి శుభ్రం చేసేది ఇలాంటి రకాల కోసమే.

ఇటలీ కథకు కొంత చరిత్ర తోడుంది. గంబూసియా అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలకు చెందినది. 1905లో టెక్సాస్ నుంచి హవాయికి, 1921లో స్పెయిన్‌కు, అక్కడి నుంచి ఇటలీకి చేరింది. మన దేశానికి 1928లో ఇటలీ నుంచే వచ్చింది. ఇటలీలో దాన్ని విస్తారంగా వాడిన మాట నిజం. కానీ అక్కడ చిత్తడి నేలలను ఎండగట్టారు, క్వినైన్‌ను విరివిగా పంచారు, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక డీడీటీని ఇంటింటా చల్లారు. మలేరియా కూలిపోయింది ఆ డీడీటీ చల్లిన కొద్ది సంవత్సరాల్లోనే, అంటే చేప అక్కడికి వచ్చిన దాదాపు పాతికేళ్లకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇటలీని మలేరియా లేని దేశంగా ప్రకటించింది 1970లో. ఇందులో చేప వాటా ఎంతో విడదీసి చెప్పే దారి లేదు. ఆ సంస్థ పేరు చెప్పి ఈ చేపను వాడమనడం మరీ తిరగబడ్డ మాట: 1982 నుంచి అది గంబూసియాను సిఫారసు చేయడం మానుకుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం రూపొందించిన వంద అత్యంత హానికర దురాక్రమణ జాతుల జాబితాలో గంబూసియా పేరుంది. మన జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ జాబితాలోనూ ఉంది. 2025 ఆరంభంలో జాతీయ హరిత ట్రైబ్యునల్ దోమల కోసం గంబూసియా, గప్పీ చేపలను వదలడంపై కేంద్రం నుంచి జవాబు కోరింది కూడా.

అయితే చేపతో దోమను పట్టడమన్న ఆలోచనే తప్పని నా వాదన కాదు. కర్ణాటక పల్లెల్లో బావుల్లో లార్వాలను తినే చేపలను వదిలి మలేరియా దోమ లార్వాలను తగ్గించిన అధ్యయనాలున్నాయి. బయటికి పోయే దారి లేని బావి, వాడని సిమెంటు తొట్టి, పార్కులోని ఫౌంటెన్ వంటి చోట్ల, అక్కడ పుట్టేది నిజంగా అనాఫిలిస్ దోమేనని కీటక నిపుణులు చూసి చెప్పాక, చేపను వాడితే అర్థముంది. అక్కడ కూడా గంబూసియాయే కావాలన్న నియమం లేదు. నడినెత్తిన వెండి చుక్కతో పంటకాలువల పైపొరలో తిరిగే అప్లోకైలస్ మన సొంత చేప, లార్వాలను ఆబగా తింటుంది, మన తూనీగలు, కప్పలు దానితో వేల ఏళ్లుగా కలిసి బతుకుతున్నాయి. దాన్ని పెంచి పంచే పని గంబూసియా పెంపకమంత తేలిక కాకపోవచ్చు, ఎందుకంటే గంబూసియా గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లల్ని ఈనుతుంది, ఒక ఆడ చేప జీవితకాలంలో తొమ్మిది వందల నుంచి పన్నెండు వందల పిల్లల్ని కంటుందని ప్రభుత్వ పత్రాలే గొప్పగా చెబుతాయి.

ఆ గొప్పే చివరి మాటకు, అంటే "ప్రతి చెరువులో వదలండి" అన్న పిలుపుకు, అడ్డుపడుతుంది. ఆడ గంబూసియా మగదాని వీర్యాన్ని నెలల తరబడి ఒంట్లో దాచుకోగలదు కాబట్టి కొత్త నీటిలో సంతతి మొదలవడానికి ఒక్క చేప చాలు. మన చెరువులు విడివిడిగా లేవు. కాకతీయుల కాలం నుంచి ఒకదాని అలుగు నీరు మరొకదానిలోకి పారేలా గొలుసుగా కట్టినవి. పై చెరువులో వదిలిన చేప ఆగస్టులో మత్తడి దూకినప్పుడు కింది చెరువుకు, అక్కడి నుంచి వాగుకు, వాగు నుంచి నదికి పోతుంది. ఎడ్జ్‌బాస్టన్ ఊటలు మోకాలి లోతైనా లేని చిన్న గుంటలు. వాటి నుంచే దీన్ని తీసేయడానికి మందు పెట్టి, ఏళ్ల తరబడి కష్టపడవలసి వచ్చింది. మన శాఖల రికార్డుల్లో మాత్రం ఏ చెరువులో ఎన్ని వేల పిల్లల్ని వదిలారన్న ఒక్క గడే ఉంటుంది.